తొలి కిరణవైద్యుల అకాల విరమణ

వైద్యుడు తన వృత్తిని విడుచుట లోకములో అరుదు. గుమాస్తాకును ఉపాధ్యాయునికిని న్యాయాధిపతికిని నియమితమైన వయస్సు రాగానే కొలువు ముగియును. వైద్యునికి మాత్రము, సర్కారు కొలువు ముగిసి పింఛను పుచ్చుకొనుచున్న కాలమున సయితము, ఇంటి అరుగుమీద రోగులు కనిపెట్టుకొనియే యుందురు. నాడి చూచు వ్రేళ్లలో సత్తువ యున్నంతకాలము ఆయనకు విరామము లేదు. అట్టి వృత్తిలో నడివయస్సుననే, తన యనారోగ్యము కారణముగా, పని విడిచి గృహమున కూర్చుండవలసి వచ్చుట వైద్యునికి సంభవించు దుఃఖములలో మిక్కిలి కఠినమైనదని నా యభిప్రాయము. 1816లో స్టెతస్కోపును కనిపెట్టి రోగి ఛాతీలోని సవ్వడిని వైద్యుని చెవికి చేర్చిన ఫ్రెంచి వైద్యుడు రెనె లెనెక్, క్షయరోగుల నడుమనే బ్రతికి, తుదకు తానును క్షయకు లోనై, 1826లో పారిసు నగరమును విడిచి స్వస్థలమైన బ్రిటనీకి మరలి, ఆ యేటనే నలువదియైదేండ్ల వయస్సున కన్నుమూసెను. ఇట్టి యుదాహరణములు వైద్యచరిత్రలో కొల్లలు.

అయితే లెనెక్ వంటివారిది మనుష్యులనుండి మనుష్యులకు వ్యాపించు వ్యాధి. రోగినుండి గాక తాము చేపట్టిన సాధనమునుండియే వ్యాధిని తెచ్చుకొని, చేతులే జీవనాధారమైన వృత్తిలో ఆ చేతులనే కోల్పోయి, అకాలమున విరమించినవారు ఒక తరము వైద్యులు కలరు. వారు తొలి ఎక్స్‌రే వైద్యులు. నేడు ఎముక విరిగినను, దగ్గు తగ్గకున్నను, మనము ఒక నిమిషమైన ఆలోచింపక ఎక్స్‌రే గదిలోనికి పోయి నిలుచుచున్నాము. ఆ గదికి నేడున్న గోడమందము, తలుపుమీది హెచ్చరిక, లోపల పనిచేయువారి సెలవు, వారి ఛాతీమీది చిన్న బిళ్ల, ఇవన్నియు ఆ వైద్యుల విరమణలనుండియే పుట్టినవి. కావున వారి కథను వీరుల ప్రాణత్యాగగాథగా మాత్రమే చెప్పుకొనుట నాకు సమ్మతము కాదు. అది ఒక వృత్తి తన పనివారిని ఎట్లు పాడుచేసెనో, పిమ్మట ఎంత ఆలస్యముగా బుద్ధి తెచ్చుకొనెనో తెలుపు చరిత్ర.

జర్మనీలోని వుర్జుబర్గు నగరమున విల్‌హెల్మ్ రాంట్‌గెన్ ఈ కిరణములను మొట్టమొదట గుర్తించినది 1895 నవంబరు 8వ తేదీన. డిసెంబరు 22న తన భార్య చేతి యెముకలను, వ్రేలి యుంగరముతో సహా, ఫలకముమీద పట్టెను. ఆ నెలాఖరునకు వ్యాసము వెలువడెను. జనవరి మొదటి వారమున వియన్నా పత్రిక ఆ వార్తను లోకమునకు చాటెను. తరువాత జరిగినదానికి వైద్యచరిత్రలో సాటి దొరకుట కష్టము. సాధారణముగా ఒక నూతనసాధనము ప్రయోగశాలనుండి ఆసుపత్రికి చేరుటకు సంవత్సరములు పట్టును. దీనికి వారములు చాలినవి. గాజునాళమును, విద్యుత్తును పుట్టించు చుట్టయు ఆనాటికే భౌతికశాస్త్రము బోధించు ప్రతి కళాశాలలో నుండెను గనుక, ఫోటోలు తీయు అభిరుచి గల వైద్యుడెవ్వడైనను స్వయముగా ఈ పనికి పూనుకొనగలిగెను. రాంట్‌గెన్ మాత్రము తన ప్రయోగములలో అనేకము లోహపు గదిలో కూర్చుండి చేసెను. ఛాయాఫలకములు చెడిపోకుండుటకై చేసికొన్న ఆ యేర్పాటే ఆయన దేహమునకును రక్షణ యయ్యెను. ఆయనను అనుసరించిన వైద్యులకు ఆ గది లేదు.

వారికి హాని కలిగిన విధమును కొంచెము దగ్గరనుండి చూడవలెను. ఆ కాలపు నాళములలో స్వల్పముగా వాయువు మిగిలియుండెడిది. నాళము క్రొత్తగా నున్నప్పుడు దానినుండి వెడలు కిరణములు మృదువుగా నుండి మాంసమును దాటి యెముకయొద్ద ఆగిపోవును. వాడుకొన్నకొలది లోని వాయువు క్షీణించి, కిరణములు కఠినమై ఎముకనుగూడ దాటి పోజొచ్చును. కావున ఒకే నాళము ఉదయమొక తీరున, సాయంకాలమొక తీరున పనిచేసెడిది. రోగిని బల్లమీద పరుండబెట్టుటకు ముందు నాళము నేడెట్లున్నదో తెలిసికొనవలెను. దానికి వైద్యులు కనిపెట్టిన సులభోపాయము, గదిని చీకటిచేసి, బేరియము ప్లాటినోసయనైడు పూసిన తెరను ఒక చేత బట్టుకొని, రెండవ చేతిని నాళమునకును తెరకును నడుమ నుంచి చూచుట. ఆకుపచ్చని వెలుగులో తన వ్రేళ్ల యెముకలు నల్లగా, స్పష్టముగా గానవచ్చినచో నాళము మెత్తగా నున్నదని యర్థము. బూడిదవన్నెగా వెలిసిపోయినట్లు కానవచ్చినచో గట్టిపడినదని యర్థము. ఈ పరీక్ష దినమునకు ఒకసారి చేయునది కాదు. ప్రతి రోగికి ముందును, ఒక్కొక్కప్పుడు నడుమను, నాళమును సవరించినప్పుడెల్లను చేయవలసినది. సాధారణముగా కుడిచేయి మీటలమీద నుండును గనుక చాలమందికి తెరముందు నిలిచినది ఎడమచేయి. ఇట్లు సంవత్సరములతరబడి, రోగికి ఒక్కసారి తగులు కిరణము వైద్యుని చేతికి వేలసారులు తగిలెను.

మొదట చర్మము ఎండకు కందినట్లు ఎఱ్ఱబడెడిది. కొన్ని దినములలో తగ్గిపోయెడిది గనుక ఎవ్వరును లెక్కపెట్టలేదు. పిమ్మట చేతిమీది రోమములు రాలెను. గోళ్లు గరుకుదేలి చిట్లిపోయెను. చర్మము పొడిబారి పగిలెను, ఆ పగుళ్ల నడుమ పులిపిరులు లేచెను. ఆ పులిపిరులలో ఏదో యొకటి మానని పుండుగా మారిననాడు శస్త్రవైద్యుడు వ్రేలి కొనను తీసివేసెడివాడు, మరుసటి యేట మిగిలిన వ్రేలిని, ఆ తరువాత చేతిని. ఈ క్రమము ఎంత నెమ్మదిగా సాగెననగా, కారణమునకును కార్యమునకును నడుమ పది పండ్రెండేండ్ల యంతరమేర్పడి, ఆ రెంటికి గల సంబంధము చూచువారి కంటికి తప్పిపోయెను. హాని చేయునది కిరణము కాదు, నాళము చుట్టునుండు విద్యుత్తే యని కొందరు, ఓజోను వాయువని కొందరు వాదించిరి. వియన్నా వైద్యుడు రాబర్టు కీన్‌బాక్ 1900లో ఆ నేరము కిరణముదే యని తేల్చెను. మరుసటి యేటనే బోస్టను నగరమున దంతవైద్యుడు విలియం రోలిన్సు, కిరణములు సోకిన సీమపందికొక్కులు చనిపోవుట చూపి, నాళమును కిరణము దాటరాని పెట్టెలో నుంచవలెనని ఘోషించెను. ఆయన మాట విన్నవారు స్వల్పసంఖ్యాకులు. కనుక తొలి మూడు నాలుగేండ్లలో జరిగిన హానిని అజ్ఞానముమీదికి నెట్టవచ్చును. 1901 తరువాత జరిగినదానిని పూర్తిగా అట్లు నెట్టుటకు వీలులేదు.

ఇంగ్లండులోని బర్మింగుహాము నగరవాసి జాన్ హాల్-ఎడ్వర్డ్సు చరిత్ర ఈ తరమంతటికిని అద్దము. 1858లో జన్మించిన ఈయన స్వతహాగా ఛాయాచిత్రకళాసక్తుడు. రాంట్‌గెన్ వార్త తెలిసిన కొలది దినములలోనే, 1896 జనవరిలో, ఒకరి చేతిలో గ్రుచ్చుకొనియున్న సూదిని చిత్రములో చూపెను. ఫిబ్రవరిలో ఆయన తీసిన చిత్రము నాధారము చేసికొని శస్త్రవైద్యుడు చేతిలోని సూదిని వెలికి తీసెను. శస్త్రచికిత్సకు ఎక్స్‌రే దారిచూపిన తొలి సందర్భములలో అది యొకటి. బోయరు యుద్ధమున దక్షిణాఫ్రికాలోని డీల్‌ఫాంటెన్ సైనికాసుపత్రికి పోయి, గాయపడిన సిపాయిల దేహములలో గుండ్లు ఎచట దాగియున్నవో చిత్రములు తీసి చూపెను. మరలివచ్చునప్పటికే చేతులు చెడియున్నవి. ఆయన తన వ్యాధిని దాచుకొనలేదు. 1904లో బ్రిటిషు వైద్యపత్రికలో ఈ చర్మవ్యాధి లక్షణములను, తన చేతులనే సాక్ష్యముగా జూపి, వివరించెను. అట్లు వ్రాయుటలోని సాహసమును మనము గుర్తింపవలెను. చేయి చెడినదని ఒప్పుకొన్న వైద్యునియొద్దకు రోగులు వచ్చుట తగ్గును, ఆసుపత్రి మరియొకరిని వెదకుకొనును.

1908లో ఆయన ఎడమచేతిని తీసివేసిరి. అనతికాలములోనే కుడిచేతి నాలుగు వ్రేళ్లును పోయి బొటనవ్రేలు మాత్రము మిగిలెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు నిండలేదు. కలము పట్టుట, చొక్కా గుండీ పెట్టుకొనుట, తలుపుగడియ తీయుట, వీనిలో దేనికైనను ఇతరుల సాయమో ప్రత్యేకసాధనమో కావలసిన స్థితిలో రోగుల నాడి చూచు వైద్యము సాగుట కల్ల. ఆ యేట ప్రభుత్వము ఆయనకు సివిల్ లిస్టు పింఛనుగా సంవత్సరమునకు 120 పౌనులు మంజూరు చేసెను. ఎక్స్‌రే పనిచేసినందున అశక్తుడైన ఒక వైద్యునికి రాజ్యము చేసిన గౌరవమది. ఆ సొమ్ము పెద్దది కాదు. కాని ఈ వ్యాధి ఆ వ్యక్తి దురదృష్టము మాత్రమే కాదని, లోకోపకారమునకై చెల్లించిన మూల్యమని, ప్రభుత్వము ఆ పింఛను ద్వారా ఒప్పుకొన్నట్లయినది. ఆయన ఎడమచేయి బర్మింగుహాము విశ్వవిద్యాలయపు రోగనిదానశాస్త్ర ప్రదర్శనశాలకు చేరి, విద్యార్థులకు పాఠముగా నిలిచినది.

వృత్తి విరమించినను ఆయన మనస్సు విరమింపలేదు. మొదటి ప్రపంచయుద్ధములో మేజరు హోదాతో మరల సైనికాసుపత్రులలో సేవచేసెను. 1920లో బర్మింగుహాము నగరపాలకసంఘమునకు ఎన్నికయ్యెను. షెర్లాక్ హోమ్సు కథల రచయితయు స్వయముగా వైద్యుడునునైన ఆర్థర్ కానన్ డాయిల్, కాటింగ్లీ గ్రామపు బాలికలు తీసిన యక్షిణుల ఛాయాచిత్రములు నిజములని నమ్మి ప్రకటించినప్పుడు, అట్టి బొమ్మలు కల్పించుట సులభమనియు, పసిపిల్లల మనస్సులలో ఇట్టి భ్రమలు నాటుట హానికరమనియు ఖండించినవారిలో హాల్-ఎడ్వర్డ్సు ఒకడు. చేతులు లేకున్నను ఛాయాచిత్రమునుగూర్చిన ఆయన చూపు చెక్కుచెదరలేదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల? 1926 ఆగష్టులో ఆయన పరమపదించెను.

ఇట్టివారు ప్రతి దేశమునను కలరు. హాంబర్గులో హైన్రిక్ ఆల్బర్సు-షోన్‌బెర్గు, కిరణములు జంతువులను వంధ్యములను చేయునని 1903లోనే తెలిపినవాడు, సీసపు రక్షణలను ప్రచారము చేసినవాడు. అయినను అంతకు ముందు తగిలిన కిరణములు ఊరకుండలేదు, ఎడమచేతిని కోల్పోయి 1921లో మరణించెను. ఫ్రాన్సులోని బోర్డో నగరమున జాన్ బెర్గొనియె, వేగముగా విభజనచెందు కణములనే కిరణములు ఎక్కువగా చంపునన్న సూత్రమును 1906లో ట్రిబొండోతో గలసి ప్రకటించెను. ఆ సూత్రమే నేటికిని క్యాన్సరు చికిత్సకు పునాది. దానిని కనుగొన్న యాయన కుడిచేతిని కోల్పోయి 1925లో గతించెను. వియన్నాలో కిరణముల మోతాదును కొలుచుటకు మొదటి సాధనమును చేసిన గీడో హోల్జ్‌నెక్టు గతియు నంతే.

వీరందరిలోను నా మనస్సు నెక్కువగా తాకినవాడు బోస్టనుకు చెందిన వాల్టరు డాడ్. ఆయన పుట్టుకతో గొప్పవాడు కాడు. హార్వర్డు రసాయనశాలలో ఊడ్చి తుడుచు పనివాడుగా చేరి, విని విని రసాయనశాస్త్రము నేర్చి, మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలో మందులు కలుపువాడై, అచటనే ఛాయాచిత్రములు తీయుచు 1896లో ఎక్స్‌రే పనికి పూనుకొనెను. ఏడాది తిరుగకముందే చేతులు కాలెను. ఆ చేతులతోనే, నడుమ నడుమ శస్త్రచికిత్సలకు లోబడుచు, వైద్యవిద్య నభ్యసించి 1908లో పట్టము పొందెను. అనగా ఇతరులు ఏ వ్యాధివలన వృత్తిని విడుచుచుండిరో, ఆ వ్యాధి ముదిరిన చేతులతో ఆయన ఆ వృత్తిలో ప్రవేశించెను. జీవితకాలములో ఏబదికి తక్కువగాని శస్త్రచికిత్సలు ఆయనకు జరిగినవని చెప్పుదురు. 1915లో ఫ్రాన్సులోని యుద్ధరంగమునకు సయితము పోయి పనిచేసి, మరుసటి సంవత్సరము డిసెంబరులో, నలువదియేడేండ్ల ప్రాయమున, మృతినొందెను. ఆయనవంటి వారి చరిత్రలను 1936లో ఒక గ్రంథముగా కూర్చిన పెర్సీ బ్రౌను కూడ రేడియాలజిస్టే. ఆయన చేతులకును ఆ వ్యాధి తప్పలేదు.

వీరు ముందుగానే ఏల విరమింపలేదని పాఠకులు ప్రశ్నింపవచ్చును. యుద్ధకాలమున, పల్లెటూరి ఆసుపత్రిలో, లేదా క్రొత్తగా తెరచిన విభాగములో ఆ పని తెలిసినవాడు ఒక్కడే. ఆయన సెలవు పెట్టినచో గదికి తాళము. పైగా అట్టి వైద్యునికి వేరు వైద్యము చేయు నేర్పు కాలక్రమమున తగ్గిపోయి, ఎక్స్‌రేయే జీవనోపాధియై యుండును. జీతము నష్టపోకుండ తప్పుకొనుటకు మార్గము లేదు. తప్పుకొనుట పిరికితనమని భావించు గౌరవాభిమానము వేరు. ఈ మూడింటిలో మొదటి రెండిటికి సంస్థలు బాధ్యత వహింపవలసినవే గాని, వైద్యులను నిందించుటకు వీలులేదు.

మార్పు 1921లో వచ్చినది. లండనులోని ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రి కిరణవైద్యుడు ఐరన్‌సైడ్ బ్రూసు, నలుబదియేండ్లు దాటిన కొలది కాలమునకే, రక్తము పుట్టుట నిలిచిపోయిన అప్లాస్టిక్ అనీమియాతో ఆ మార్చిలో మరణించెను. చేతులు పోవుట కనులకు కానవచ్చు హాని. ఎముకలోని మూలుగ యెండిపోవుట కానరానిది. కనబడు పుండేదియు లేకున్నను కిరణము లోలోపల ప్రాణము తీయునని తెలిసి పత్రికలు గగ్గోలు చేసెను. సర్ హంఫ్రీ రోల్‌స్టన్ అధ్యక్షతన ఏర్పడిన బ్రిటిషు ఎక్స్‌రే-రేడియము రక్షణసంఘము ఆ జూలైలోనే తన మొదటి నియమావళిని ప్రకటించెను. దానిలో సీసపు తెరలు, గాలి వెలుతురు గల గదులు మున్నగువానితోపాటు పనివేళలకు సంబంధించిన నియమములును గలవు: దినమునకు ఏడు గంటలకు మించి పనిచేయరాదు, ఆదివారము గాక వారమునకు రెండు పూటలు విశ్రాంతి నిచ్చి, దానిని వీలైనంతవరకు ఆరుబయట గడుపనీయవలెను, సంవత్సరమునకు ఒక మాసము సెలవు, లేదా రెండు పక్షములుగా, ఈయవలెను. కిరణముల మోతాదును సరిగా కొలుచు కొలమానము అప్పటికి అంగీకృతము కాలేదు. అది 1928లో స్టాక్‌హోములో జరిగిన మహాసభలో కుదిరినది. కిరణమును కొలువలేని కాలమున వారు కాలమును కొలిచి మనిషిని కాపాడజూచిరి. ఎన్నడో ఒకనాడు అశక్తుడై శాశ్వతముగా విరమించుటకు బదులుగా ప్రతి వారము, ప్రతి సంవత్సరము కొంచెము కొంచెముగా విరమింపవలెనన్న ఈ యాలోచన నాకు మిక్కిలి వివేకవంతముగా దోచుచున్నది.

అనేక తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమైయున్న కాలమున, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బార్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో తెరువబడెను. 1921 నియమములు వెలువడి అప్పటికి పదమూడేండ్లు. ఆ యేటనే అంతర్జాతీయ సంఘము దినమునకు ఇంతకు మించి కిరణము సోకరాదని ఒక హద్దును ఏర్పరచెను. కనుక మన ప్రాంతపు వైద్యులలో ఆ తరమువారికి సాధనముతోపాటు కట్టుబాట్లును అందిన అదృష్టము గలదు. నేడు గుంటూరుకో వరంగల్లుకో పోయి ఆసుపత్రిలో చూచినచో, టెక్నీషియను మనలను ఊపిరి బిగబట్టుమని చెప్పి తాను సీసపు తెర చాటునకు పోవుట కానవచ్చును. ఆయన ఛాతీమీది టి.ఎల్.డి. బిళ్ల మూడు నెలల కొకసారి ప్రయోగశాలకు పోయి, ఆయనకు ఎంత కిరణము సోకెనో లెక్క తేలి వచ్చును. అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులు, ఏ యొక్క సంవత్సరమునను 30కి మించరాదని మన దేశపు నియమము. ఆ బిళ్లను మేకుకు తగిలించి మరచిపోవు నలవాటు కొన్నిచోట్ల కలదు. పనివాడు దానిని ధరింపకుండుటయు, ధరింపలేదేమని యజమాని అడుగకుండుటయు, రెండును తప్పే.

1936 ఏప్రిలులో హాంబర్గులోని సెయింట్ జార్జి ఆసుపత్రి తోటలో, బ్రెమెను వైద్యుడు హాన్స్ మేయరు పూనికతో ఒక రాతిస్తంభము నెలకొల్పిరి. కిరణముల వలన ప్రాణములు కోల్పోయిన 169 మంది పేర్లు, పలు దేశములవారివి, దానిపై చెక్కబడినవి. తరువాత మరికొన్ని చేరి 1959 నాటికి ఆ సంఖ్య 350 దాటినది. వైద్యులనే గాక భౌతికశాస్త్రజ్ఞులను, టెక్నీషియనులను, ప్రయోగశాలా సేవకులను, నర్సులను గూడ ఆ స్తంభము స్మరించుట ముఖ్యమైన విషయము. హాల్-ఎడ్వర్డ్సుకు పింఛను దొరకినది. తెర పట్టుకొని నిలిచిన సహాయకునికి, నాళములు తయారుచేసి పరీక్షించిన కర్మాగారపు పనివానికి, వ్రేళ్లు పోయిననాడు దొరకినదేమి? వారి విరమణలు రికార్డులలో విరమణలుగా సయితము ఎక్కలేదు. ఈ చరిత్రను వ్రాయువారు వైద్యుల పేర్లతో తృప్తిపడక వారినిగూర్చి వెదకవలెను.

1921 నాటి రక్షణ నియమముల ఫలితము ఏమని యడుగువారికి బ్రిటనులో చేసిన ఒక దీర్ఘపరిశీలన సమాధాన మీయగలదు. నూరేండ్ల కాలమునకు చెందిన బ్రిటిషు కిరణవైద్యుల మరణములను పరిశీలించి రిచర్డు డాల్ మున్నగువారు 2001లో ప్రకటించిన ఫలితములనుబట్టి, 1921కి పూర్వము ఈ వృత్తిలో చేరినవారిలో క్యాన్సరు మరణములు ఇతర వైద్యులకంటె నూటికి డెబ్బదియైదు వంతులు అధికము. 1954 తరువాత చేరినవారిలో ఆ యాధిక్యము కానరాలేదు.